నేరం ఆకాశరామన్నది, పేరు మరియదాసుది

మరియదాసు తన యాభై రెండేళ్ల జీవితంలో ఎవరికీ ఒక్క ఉత్తరం రాసి ఎరగడు. ఫిరంగిపురంలో ఏడో తరగతితో బడికి దండం పెట్టి, లారీ క్లీనరుగా చేరి, అదే లారీ మీద స్టీరింగు నేర్చుకుని హైదరాబాదు వచ్చాడు. కొన్నేళ్లు శ్రీనగర్ కాలనీలో ఒక సినిమా కంపెనీకి వ్యాను నడిపాడు. ఆ తర్వాత పదకొండేళ్లుగా జూబ్లీ హిల్స్‌లో నిర్మాత సుబ్రహ్మణ్యం గారింట్లో కారు డ్రైవరు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు గానీ ఫోనులో టైపు చేయమంటే వేళ్లు తిరగవు. ఇంటికి రావడం ఆలస్యమవుతుందని భార్య కృపమ్మకు చెప్పాలన్నా మైకు బొమ్మ నొక్కి మాట్లాడి పంపుతాడు. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. "దాసు మెసేజ్ అంటే రేడియో వార్తలే" అని ఇంటావిడ మంజులత మేడమ్ నవ్విన రోజులున్నాయి.

అలాంటి మనిషి ఒక ఆడపిల్లకు నలభై ఒక్క మెసేజ్‌లు రాశాడని నేరం మోపారు. అవీ సగానికి సగం ఇంగ్లీషులో.

ఆ ఆడపిల్ల ప్రణతి, సుబ్రహ్మణ్యం గారి ఒక్కగానొక్క కూతురు. మరియదాసు ఆ ఇంట్లో చేరినప్పుడు ఎనిమిదేళ్లది. బడి నుంచి వస్తూ వెనక సీట్లో నిద్రపోతే, లేపకుండా, లేచేదాకా ఏసీ వేసి కారు పోర్టికోలోనే ఆపి ఉంచేవాడు. ఇప్పుడు పంతొమ్మిది నిండాయి. మాదాపూర్‌లో డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు ఫిల్మ్‌నగర్‌లో నటన నేర్చుకుంటోంది. సొంత బ్యానరులో పరిచయం చేస్తానని తండ్రి అంటాడు. బయటివాళ్లు పిలిస్తేనే చేస్తానని కూతురి పట్టుదల. ఆ పట్టుదల చూసి మరియదాసుకు లోలోపల ముచ్చటగా ఉండేది.

మొన్న వేసవిలో ఒకరోజు వెనక సీట్లోంచి పకపకా నవ్వు వినిపించింది.

"దాసు అంకుల్, ఇది వినండి. 'క్లాసులో నువ్వు ఆ తల్లి పాత్ర చేసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. చెప్పడానికి సిగ్గేసి ఇలా రాస్తున్నా' అంట!"

"ఎవరమ్మా రాసింది?"

"తెలీదు. అదే కదా మజా! పేరు లేకుండా రాసే యాప్ ఇది. నేను లింకు పెడతాను, ఎవరికి ఏం తోస్తే అది రాస్తారు. ఎవరు రాశారో నాకు కనబడదు."

"మా ఊళ్లో దీన్ని ఆకాశరామన్న ఉత్తరం అనేవాళ్లు పాపా. కుదిరిన సంబంధాలు చెడగొట్టడానికి రాసేవాళ్లు."

"అబ్బా, అంకుల్! మొహం మీద నాకు నిజం ఎవరు చెబుతారు చెప్పండి? నిర్మాత కూతుర్ని. చెత్తగా చేసినా చప్పట్లే. ఇక్కడ నేనెవరి కూతురినని ఎవరూ భయపడక్కర్లేదు. బాగుంటే బాగుందంటారు, లేకపోతే లేదంటారు."

ఆ మాట మరియదాసుకు నచ్చింది. నిజమే, పాపకు ఎదురుపడి నిజం చెప్పే మనిషి ఆ చుట్టుపక్కల లేడు. ఆ పూట నుంచి ఫిల్మ్‌నగర్ వెళ్లేటప్పుడల్లా వాటిని పైకి చదివి వినిపించడం ఆమెకు అలవాటైంది. ఒకరు ఆమె కళ్లను పొగిడారు. ఒకరు తెలుగు ఉచ్చారణ సరిచేసుకోమన్నారు. ఆమె నిజంగానే ఒత్తులు పలకడం సాధన చేసింది, కారులోనే.

శ్రావణం వచ్చేసరికి చదవడం మానేసింది. ఫోను మోగితే ఉలిక్కిపడేది. తెరిచి చూసి బోర్లా పెట్టేసేది. రెండు నిమిషాలు ఆగి మళ్లీ తీసేది. అద్దంలో ఆ మొహం చూసి మరియదాసు ఒకసారి అడిగాడు.

"ఏంటి పాపా, ఒంట్లో బాలేదా?"

"ఏం లేదు అంకుల్."

"ఆ ఫోను కాసేపు పక్కన పెట్టరాదూ."

"పెట్టలేను అంకుల్. చూడకపోతే ఇంకేం రాశారోనని భయం. చూస్తే ఇదిగో, ఇలా."

అంతకు మించి ఆమె చెప్పలేదు, అతను అడగలేదు. నౌకరీ చేసేవాడు అడగవలసిన హద్దు అంతవరకే అనుకున్నాడు. ఆ హద్దు దాటి ఉంటే ఏమయ్యేదోనని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు గానీ, అప్పుడు మాత్రం గేరు మార్చి ముందుకు చూశాడు.

ఆగస్టు చివర్లో ఒక మధ్యాహ్నం మాదాపూర్‌లో ఒక స్టూడియోలో ఆమెకు ఫోటో టెస్టు. గంటలో బయటికొచ్చి కారెక్కి, తల వంచుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఈసారికి కాదన్నారట. ఎప్పుడూ వెళ్లే దారిలో పెద్దమ్మ గుడి దగ్గర పైపుల కోసం రోడ్డు తవ్వి ఉందని, మరియదాసు చెరువు మీది కేబుల్ బ్రిడ్జి మీదుగా పోనిచ్చాడు. బ్రిడ్జి మధ్యలో ఉండగా ఆమెకు ఫోనొచ్చింది.

"ఆ, శ్రీనిధీ... లేదే, సెలెక్ట్ చేయలేదు... కారులోనే. పెద్దమ్మ గుడి సిగ్నల్ దగ్గరున్నాం... ఏడవట్లేదులే."

తలెత్తి చూడకుండా రోజూ వెళ్లే దారి పేరు చెప్పేసింది. 'పాపా, మనం చెరువు మీదున్నాం' అందామనుకున్నాడు. ఏడుస్తున్న పిల్లకు దారి చెప్పడమెందుకని ఊరుకున్నాడు.

శ్రీనిధి అంటే ప్రణతికి ప్రాణ స్నేహితురాలు. ఫైనాన్షియర్ కాశీవిశ్వనాథం గారమ్మాయి. సుబ్రహ్మణ్యం గారి సినిమాలకు పెట్టుబడి ఆయనదే. ఇద్దరూ ఒకే నటన క్లాసు. వారానికి రెండు రోజులు ఇద్దర్నీ మరియదాసే దింపేవాడు. దిగేటప్పుడు "థాంక్యూ అంకుల్" అనడం మరిచిపోని పిల్ల.

సెప్టెంబరు రెండో వారంలో, ఒక బుధవారం ఉదయం, కారు తుడుస్తున్న మరియదాసును లోపలికి పిలిచారు. పదకొండేళ్లలో ఆ హాల్లోకి సామాన్లు మోయడానికి తప్ప అడుగుపెట్టలేదు. సోఫాలో ప్రణతి, ఆమె చెయ్యి పట్టుకుని శ్రీనిధి. ఎదురుగా మంజులత మేడమ్. సుబ్రహ్మణ్యం గారు నిలబడి ఉన్నారు.

"నీ ఫోనిలా ఇవ్వు. లాక్ తీసి ఇవ్వు."

ఇచ్చాడు. ఏదో కాంటాక్టు కావాలేమో అనుకున్నాడు.

"ఏమైందండీ?"

"ఏమైందో నీకు తెలీదా?" అన్నది మంజులత మేడమ్. "ఇంట్లో మనిషిలా చూశాం కదయ్యా నిన్ను!"

సుబ్రహ్మణ్యం గారు ఒక కాగితం తీసి చదివారు. "'వెనక సీట్లో ఎడమ పక్కన కూర్చుని గోళ్లు కొరుక్కుంటావు, హీరోయిన్‌వి నువ్వు? ఏడ్చినప్పుడు నీ మొహం అద్దంలో చూసుకున్నావా?' ఇంకా చదవనా? మిగతావి నోటితో అనలేను. కారులో ఎవరుంటారు దాసూ? పాప ఉంటుంది, నువ్వుంటావు. పాప తనకు తను రాసుకుందా?"

మరియదాసుకు మొదట అర్థమే కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చినంత పనైంది.

"సార్, నాకు టైపు చేయడం రాదు కదండీ! మీకు తెలుసు కదా."

"నీ కూతురికి వచ్చుగా. డిగ్రీ చదువుతోంది. నువ్వు చెప్పావు, అది రాసింది."

అప్పటిదాకా చేతులు కట్టుకుని ఉన్నాడు. ఆ మాటకు చేతులు విడిపోయాయి.

"నా బిడ్డ పేరెత్తొద్దు సార్! నన్ను ఎన్నయినా అనండి. ఇంట్లో కూర్చుని చదువుకునే పిల్లను ఇందులోకి లాగొద్దు!"

ఆ ఇంట్లో అతని గొంతు లేవడం అదే మొదటిసారి. "చూశావా, ఎలా అరుస్తున్నాడో" అన్నారు సుబ్రహ్మణ్యం గారు భార్యతో. పదకొండేళ్లు తగ్గి మాట్లాడిన గొంతు సాక్ష్యానికి పనికిరాలేదు. ఒక్కసారి లేచిన గొంతు మాత్రం నేరానికి రుజువైంది.

మరియదాసు ప్రణతి వంక చూశాడు. ఒక్క మాట అంటుందని. ఆమె తల ఎత్తలేదు. శ్రీనిధే మాట్లాడింది, మెత్తగా.

"నేను ముందే అన్నాను కదా ఆంటీ. బాగా నమ్మకంగా ఉండేవాళ్లతోనే భయం. ప్లీజ్, పోలీసులకు చెప్పండి."

చెప్పారు. స్టేషన్లో రెండు రోజులు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎవరూ కొట్టలేదు. వచ్చిన ప్రతి కానిస్టేబులూ "రాసినవా లేదా?" అని మాత్రం అడిగాడు. రాయలేదంటే "అందరూ గట్లనే అంటరు" అని పోయాడు. ఫోను వాళ్లే ఉంచుకున్నారు.

ఈలోగా వీధి వాళ్ల వాట్సాప్ గ్రూపులో అతని ఫోటో పడింది. పనిలో చేరేటప్పుడు ఇచ్చిన ఆధార్ కాపీలోని ఫోటో. దాని కింద మంజులత మేడమ్ రాసింది: 'ఈ డ్రైవరును ఎవరూ పెట్టుకోవద్దు. ఆడపిల్లలున్న ఇళ్లవాళ్లు జాగ్రత్త.' సాయంత్రానికి అది పక్క వీధులకు పాకింది. మర్నాటికి ఫిల్మ్‌నగర్ డ్రైవర్ల గ్రూపులో ఉంది. మూడో రోజుకు ఎర్రగడ్డలో వాళ్లు వెళ్లే చర్చి గ్రూపులోకి వచ్చింది. కృపమ్మ శ్రీనగర్ కాలనీలో ఒక అమ్మాయిల హాస్టల్లో వంట చేస్తుంది. "కొన్నాళ్లు ఇంటి దగ్గరే ఉండమ్మా, పేరెంట్స్ అడుగుతున్నారు" అన్నది వార్డెను. కృపమ్మ ఏం చేసిందని? రాసిన పాపాత్ముడెవరో తెలియదు, అతనికి మొహం లేదు. మొహం ఉన్నవాడు మరియదాసు కాబట్టి ఆ మొహాన్ని ఊరంతా తిప్పారు.

ఎర్రగడ్డలో వాళ్లది రెండు గదుల అద్దిల్లు. శుక్రవారం సాయంత్రం అన్నం ముందు కూర్చుని చెయ్యి కడుక్కుని లేచిపోయాడు మరియదాసు. కూతురు స్టెఫీ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆ పిల్ల కళ్లు ఎర్రబడి ఉన్నాయి, ఏడుపుతో కాదు.

"నాన్నా, ఆ యాప్ నా దగ్గరా ఉంది."

కృపమ్మ గుండెలు బాదుకుంది. "ఏసయ్యా! నీకెందుకే అది?"

"అందరికీ ఉంటుందమ్మా. కిందటేడు మా కాలేజీలో ఒక లెక్చరర్ అమ్మాయిల్ని ఇబ్బంది పెడుతుంటే, మొదట దాన్లోనే ఒకమ్మాయి రాసింది. పేరు పెట్టి చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? అది చూసి ఇంకో నలుగురు బయటికొచ్చారు. ఆయన్ని తీసేశారు. అందుకూ పనికొస్తుంది." ఆగి, గొంతు తగ్గించి అన్నది. "ఇప్పుడూ పనికొస్తుంది నాన్నా. సుబ్రహ్మణ్యం గారి సంగతులు నీకు ఎన్ని తెలీవు? ఎవరింటికి వెళ్లేవాడో, ఎవరితో ఏం మాట్లాడేవాడో. నువ్వు చెప్పు, నేను రాస్తా. ఎవరు రాశారో కనుక్కోవడం వాళ్ల తరం కాదు. తెలిసొస్తుంది వాళ్లకి."

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, మరియదాసుకు నోట్లో నీళ్లూరాయి. పదకొండేళ్ల మాటలు వెనక సీట్లోంచి అతని చెవుల్లో పడ్డాయి మరి. ఒక్కొక్కటి ఒక్కొక్క బాంబు. ఎంత తేలిక! ఇంత తేలిగ్గా ఉంటుంది కాబట్టే ఎవడో ఆ పిల్లకు నలభై ఒక్కసార్లు రాశాడని అప్పుడు తెలిసొచ్చింది.

"వద్దు" అన్నాడు. "ఆ లెక్చరర్ సంగతి వేరమ్మా. ఆ పిల్ల నిజం చెప్పడానికి దాక్కుంది. మనం దెబ్బ కొట్టడానికి దాక్కోవడమేంటి? నేను చేయని పని చేశానన్నారు. ఇప్పుడు చేస్తే వాళ్లన్నది నిజమైపోదూ? ఏం చెప్పినా నా పేరు పెట్టే చెబుతాను. నాకున్నది అదొక్కటే."

"అయితే పద" అన్నది స్టెఫీ. "నా పేరూ కలిపారు కదా. నేనూ వస్తా స్టేషన్‌కి."

శనివారం వెళ్లేసరికి కేసు చూస్తున్న ఎస్సై ఎదురుగానే ఉంది. లీలాకుమారి అని, నలభై ఏళ్లుంటాయి. రెండు రోజులుగా బందోబస్తు మీద పోయి ఆ పొద్దున్నే వచ్చింది.

"పిలిస్తేనే రమ్మన్నరట గదా, మళ్లెందుకొచ్చినవ్? గీ పిల్లెవరు?"

"నా కూతురండి. రాసింది ఇదేనంటున్నారు. అడగండి, ఎదురుగానే ఉంది."

ఆమె స్టెఫీని ఒకసారి ఎగాదిగా చూసి, "కూసోండి" అన్నది. బెంచీ మీద కాదు, కుర్చీల్లో.

స్టెఫీ తేదీలు రాసిన ఒక కాగితం ముందు పెట్టింది. జులైలో మేనత్త చనిపోతే మరియదాసు నాలుగు రోజులు ఫిరంగిపురంలో ఉన్నాడు. ఆ నాలుగు రోజులూ వేరే డ్రైవరు వచ్చాడు. ఆ తేదీల్లో ఏమైనా మెసేజ్‌లు వచ్చాయేమో చూడమంది. లీలాకుమారి ఫైలు తిప్పింది. రెండున్నాయి. ఒకదాంట్లో, ఆ ఆకుపచ్చ కుర్తా నీకు అస్సలు బాలేదు అని ఉంది.

"ఫోనుంటే ఏడికెళ్లయినా పంపొచ్చు గదమ్మా."

"పంపొచ్చండి. ఫిరంగిపురంలో శవం దగ్గర కూర్చుని ఇక్కడ పాప ఏం కుర్తా వేసుకుందో నేనెలా చూస్తాను?" అన్నాడు మరియదాసు.

ఆమె ఆ తేదీల కింద పెన్నుతో గీత గీసింది. "నీకు గివన్నీ చదివి ఇనిపించిన్రా?"

"లేదండి. రాశావా లేదా అనే అడిగారు."

"సదువమ్మా" అని ఫైలు స్టెఫీ ముందుకు తోసింది. స్టెఫీ చదివింది. కొన్నిచోట్ల ఆగిపోయింది, కొన్నిచోట్ల దాటేసింది. కన్నకూతురి నోటితో అలాంటి మాటలు వినవలసి వచ్చినందుకు మరియదాసు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఎంత విషం! నిద్రపోతే లేపకుండా చూసుకున్న పిల్ల, రోజూ తన వెనకే కూర్చుని ఈ మాటలు మింగుతూ ఉంది. తనకేమో అవి తను రాశానన్న నింద. రెండింటిలో దేనికి ఎక్కువ మండుతోందో తేల్చుకోలేకపోయాడు.

"ఆగస్టు ఇరవై ఎనిమిది, సాయంత్రం" అని చదివింది స్టెఫీ. "'పెద్దమ్మ గుడి సిగ్నల్ దగ్గర కారులో కూర్చుని ఏడిస్తే హీరోయిన్ అయిపోతావా?'"

మరియదాసు గిర్రున తిరిగాడు.

"మళ్లీ చదువు."

చదివింది.

"మేడమ్, ఆ రోజు మేం పెద్దమ్మ గుడి వైపే పోలేదండి! రోడ్డు తవ్వారని కేబుల్ బ్రిడ్జి మీద వచ్చాను. పాప ఏడ్చింది నిజమే, బ్రిడ్జి మీద ఏడ్చింది. కారులో ఉన్నవాడు రాస్తే బ్రిడ్జి అని రాస్తాడు గానీ గుడి అని ఎందుకు రాస్తాడండి?"

"మరి గుడి అని ఎవలు అనుకుంటరు?"

"పాప ఫోన్లో ఎవరికి చెప్పిందో వాళ్లే. చూసుకోకుండా గుడి దగ్గరున్నామంది. ముందు సీట్లోంచి నేను విన్నాను."

"ఎవలకి చెప్పింది?"

మరియదాసు నోరు విప్పబోయి ఆగాడు. మూడు రోజుల కిందట ఏ ఆధారం లేకుండా తన పేరు ఎంత తేలిగ్గా ఎత్తారో గుర్తొచ్చింది. ఒక ఆడపిల్ల పేరు తను అంత తేలిగ్గా ఎత్తలేకపోయాడు.

"పాపనే అడగండి మేడమ్. ఆ టైముకు ఎవరితో మాట్లాడిందో ఆమె ఫోన్లోనే ఉంటుంది. ఇక కారు ఎటుపోయిందంటారా, దానికి జీపీఎస్ ఉంది. డ్రైవరు ఎక్కడ తిరుగుతున్నాడో చూసుకోవడానికి సార్ పెట్టించారు. తీసి చూడండి."

లీలాకుమారి మొదటిసారి నవ్వింది. "నువ్వు డ్రైవర్‌వి కాదయ్యా, మా డిపార్ట్‌మెంట్ల ఉండాల్సినోడివి."

సోమవారం కల్లా అంతా తేలిపోయింది. జీపీఎస్ చూస్తే కారు బ్రిడ్జి మీదుగానే వెళ్లింది. ఆ సమయంలో ప్రణతి మాట్లాడింది ఒక్క శ్రీనిధితోనే. ఫోను తెచ్చి చూపించమనేసరికి ఆ పిల్ల కాసేపు కాదన్నది, కాసేపు ఏడ్చింది, చివరికి ఒప్పుకుంది. ఆ మొట్టమొదటి మెసేజ్ కూడా, క్లాసులో తల్లి పాత్ర చూసి ఏడుపొచ్చిందన్నది, తనే రాసిందట. అది నిజంగా మెచ్చుకునే రాసిందట. తనను పిలవని టెస్టులకు ప్రణతిని పిలుస్తున్న కొద్దీ చేయి ఆగలేదట. రోజంతా పక్కన కూర్చుని ఓదార్చడం, ఇంటికి పోయి రాయడం. డ్రైవరును అనుమానించమని చెప్పిందీ తనే.

ఆ రాత్రి మరియదాసు హాయిగా నిద్రపోయాడు. బుధవారం లీలాకుమారి పిలిపించి ఫోను చేతిలో పెట్టింది. ఆమె మొహంలో నవ్వు లేదు.

"కంప్లైంటు వాపస్ తీసుకున్నరు, దాసన్నా. ఇద్దరు తండ్రులొచ్చి, పిల్లలు, సరదాకి చేసిన్రు, భవిష్యత్తు పాడైతదన్నరు. మీ పాప గూడ సంతకం పెట్టింది. నేనేం జేయాలె చెప్పు?"

సరదా! మరియదాసు రాశాడనుకున్నప్పుడు అది నేరం. శ్రీనిధి రాసిందని తేలాక అది సరదా. మాట అదే, అక్షరం పొల్లుపోలేదు. రాసిన ఇంటి గేటు మారింది, అంతే.

మర్నాడు సుబ్రహ్మణ్యం గారు ఫోన్ చేశారు. రమ్మంటే వెళ్లాడు. ఆయన లాన్‌లో టీ తాగుతున్నారు.

"జరిగిందేదో జరిగింది దాసూ. మనసులో పెట్టుకోకు. సోమవారం నుంచి వచ్చెయ్. జీతం కూడా చూద్దాంలే."

"నా ఫోటో గ్రూపులో పెట్టారు కదండీ. అదే గ్రూపులో, దాసు తప్పు లేదని రాయండి. అది చాలు."

ఆయన కప్పు కింద పెట్టారు. "అది డిలీట్ చేయించాం కదా."

"మీ ఫోన్లో డిలీట్ అయిందండి. ఊళ్లో అవలేదు."

"అర్థం చేసుకోవయ్యా. నువ్వు కాదంటే మరి ఎవరని అడుగుతారు. విశ్వనాథం గారి పరువు విషయం. ఆడపిల్ల."

"నాకూ ఉందండి ఆడపిల్ల. దాని పేరు మీరు మీ హాల్లోనే ఎత్తారు. ఏ పరువూ అడ్డురాలేదు అప్పుడు."

"నువ్వూ ఆయనా ఒకటేనా?"

ఆ మాట ఆయన కావాలని అనలేదు, నోరుజారింది. జారినా లోపల ఉన్నదే జారుతుంది. మరియదాసు జేబులోంచి కారు రెండో తాళం తీసి, టీ కప్పు పక్కన పెట్టి, గేటు దాకా నడిచి వచ్చేశాడు.

ఆదివారం మధ్యాహ్నం ఎర్రగడ్డ ఇంటి ముందు ఆటో ఆగింది. ప్రణతి దిగింది, ఒక్కతే. కృపమ్మ లోపలికి రమ్మంది గానీ కూర్చోమనలేదు. మంచినీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

"సారీ అంకుల్" అన్నది ప్రణతి. "మీరు కాదని నాకు తెలుసు. ఆ రోజు కూడా తెలుసు. కానీ మీరు కాకపోతే నా చుట్టూ ఉన్నవాళ్లలో ఒకరు. అది తట్టుకోలేక... మీరే అయితే బాగుండు అనుకున్నాను."

"నేనైతే నీకు బాగుండేదా పాపా?" అన్నాడు మరియదాసు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. ఆమె ఏడ్చింది. అతను ఓదార్చలేదు. అన్నాళ్లలో ఆమె ఏడుస్తుంటే అతని మనసు కరగకపోవడం అదే మొదటిసారి.

"నేనేం చేయాలి అంకుల్?"

"మీ నాన్నగారిని అడిగాను, ఆయన చేయలేదు. నువ్వు చెయ్యి. నీ పేరు పెట్టి రాయి."

వీధి గ్రూపులో ఆమె కూడా ఉంది. అక్కడే కూర్చుని టైపు చేసింది. స్టెఫీ తీసుకుని పైకి చదివింది. 'నేను ప్రణతి. మా డ్రైవరు మరియదాసు గారి గురించి మా ఇంటి నుంచి పెట్టిన మెసేజ్ పొరపాటు. నాకు వచ్చిన మెసేజ్‌లతో ఆయనకు గానీ వాళ్ల అమ్మాయికి గానీ ఏ సంబంధమూ లేదు.'

"ఆ మాట మార్చు" అన్నాడు మరియదాసు.

"ఏ మాట అంకుల్?"

"పొరపాటు. రివర్స్ తీసేటప్పుడు గోడకు తగిలితే పొరపాటు పాపా. నాకు జరిగింది అన్యాయం. అలా రాయి."

ఆమె వేళ్లు ఆగాయి. ఆ మాట తన తల్లిదండ్రుల మీదా, తన మీదా పడుతుందని ఆమెకు తెలుసు. కాసేపటికి మార్చింది, పంపింది. రెండు నిమిషాల్లో తండ్రి నుంచి ఫోను. ఎత్తలేదు. మళ్లీ మోగింది, మళ్లీ ఎత్తలేదు. మూడోసారి మోగుతుండగా లేచి, "వెళతాను" అంది. స్టెఫీ ఆమెను మెట్రో దాకా దింపి వచ్చింది. దారిలో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఇంట్లో చెప్పలేదు.

గ్రూపులో పదిహేను దండాలు, నాలుగు బొటనవేళ్లు పడ్డాయట. మరి రాసిందెవరని ఎవరూ అడగలేదు, శ్రీనిధి అని అందరికీ ముందే తెలుసు కాబట్టి. దసరాకి ఆ పిల్ల ఒక వెబ్ సిరీస్‌లో కనబడుతుందని పోస్టర్లు పడ్డాయి. మరియదాసుకు శ్రీనగర్ కాలనీ సినిమా కంపెనీ పాత మేనేజరు ఒకాయన షూటింగుల్లో నటుల క్యారవాన్ నడిపే పని ఇప్పించాడు. కృపమ్మ మాత్రం హాస్టలుకు మళ్లీ వెళ్లలేదు. పిలిచారు. వెళ్లనంది.

ప్రణతి వచ్చి వెళ్లిన తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్ద జాకబ్ గారు చర్చి మెట్ల మీద మరియదాసు చేయి పట్టుకున్నారు. చుట్టూ పదిమంది ఉన్నారు.

"బ్రదర్, దేవుడు న్యాయం చేశాడు. ఆయన కళ్ల ముందు ఏదీ దాగదు."

"దేవుడు చేశాడండి" అన్నాడు మరియదాసు. "మీరేం చేశారు?"

"అంటే?"

"నా ఫోటో మన గ్రూపులో ఎవరు పెట్టారు జాకబ్ గారూ? ఇరవై ఏళ్లుగా నన్ను చూస్తున్నారు. ఒక్క ఫోన్ చేసి, ఇది నిజమా దాసూ అని అడగాలనిపించలేదా? రాసింది ఎవరో తెలీదన్నారు, సరే. పంపినవాళ్లకు పేర్లున్నాయి కదా!"

కృపమ్మ వెనకనుంచి చొక్కా లాగింది. ఎప్పుడూ అలా లాగితే ఆగిపోయే మనిషి. ఆ రోజు ఆగలేదు. మెట్ల మీద నిలబడి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి అడగడం మొదలుపెట్టాడు.